పంట, పద్ధతి, పేరు: మెక్సికో టమాటా–మిరప వంటకం – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

టమాటాలనూ మిరపకాయలనూ నిప్పుసెగన కాల్చి, రాతిగిన్నెలో నూరి, పలుచగా ఉడికించే వంటకం మెక్సికో ఇళ్లలో నేటికీ తరచుగా కనిపిస్తుంది. 16వ శతాబ్ది రచనలను, వంటపదాల వ్యుత్పత్తులను, వంట తీరును ఆధారాలుగా తీసుకొని ఆ వంటకంలోని చారిత్రక పొరలను ఈ వ్యాసం వివరిస్తుంది. అమెరికా ఖండం లోకానికి పంటలను మాత్రమే ఇచ్చిందన్న వాడుక అభిప్రాయాన్ని పునఃపరిశీలిస్తుంది. పంట, పద్ధతి, పేరు అనే మూడూ ఎప్పుడూ కలిసి ప్రయాణించలేదని నేపుల్స్, ఆంధ్రదేశం, టెక్సాస్ ఉదాహరణలతో నిరూపించడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలకపదాలు: టమాటా, మిరప, మెక్సికో, నావాత్ల్, ఆహారచరిత్ర, రోలు, వ్యుత్పత్తి.

1. ప్రవేశిక

మెక్సికో మధ్యప్రాంతపు ఇళ్లలో 'కాల్దీయో దె హితోమాతె' అనే వంటకం ఉంది. స్పానిష్‌లో 'కాల్దో' అంటే వేడి రసం. 'కాల్దీయో' దాని అల్పార్థక రూపం. 'హితోమాతె' అంటే ఎర్ర టమాటా. మాటకు మాట పెడితే 'టమాటా చారు' అనాలి గానీ, తెలుగువారి చారుకూ దీనికీ పోలిక తక్కువ. ఇందులో చింతపండు ఉండదు, పప్పుకట్టు ఉండదు, పోపు ఉండదు. టమాటా పులుపు, మిరప కారం, ఉప్పు మాత్రమే దీని ఆధారాలు. ఇది చారుకంటే చిక్కన, కూరకంటే పలుచన. మరుగుతున్న కాల్దీయోలో గుడ్లు పగలగొట్టి వేస్తారు. జున్ను కూరి వేయించిన పెద్ద మిరపకాయలను ఇందులో దించుతారు. బియ్యాన్ని ఇటువంటి రసంతోనే ఉడికిస్తారు. ఒక వంటకంగా కంటే అనేక వంటకాలకు పునాదిగా దీనికి ప్రాధాన్యం ఎక్కువ.

ఆహారచరిత్ర రచనల్లో టమాటా, మిరపల ప్రస్తావన సాధారణంగా 'అమెరికా ప్రపంచానికి ఇచ్చిన పంటలు' అన్న శీర్షిక కింద వస్తుంది. ఆల్‌ఫ్రెడ్ క్రాస్బీ 1972లో ప్రచురించిన గ్రంథం కొలంబస్ అనంతర కాలంలో పంటలు, పశువులు, వ్యాధులు ఖండాలు మారిన తీరును చరిత్రకారుల దృష్టికి తెచ్చింది. ఆ దృష్టి విలువైనదే. అయితే తరువాతి పాఠ్యగ్రంథాల్లో అది ఒక జాబితాగా కుదించుకుపోయింది. మొక్కజొన్న, బంగాళదుంప, టమాటా, మిరప అమెరికావి. వాటితో చేసిన వంటలు మాత్రం ఇటలీవి, స్పెయిన్‌వి, భారతదేశానివి అన్న భావన ఆ జాబితా వెనుక దాగి ఉంది. మొక్క ఒకరిది, తెలివి మరొకరిది అన్న ఈ విభజన ఎంతవరకు సమంజసమన్నదే ఇక్కడి ప్రశ్న.

ఈ ప్రశ్న కేవలం ఖ్యాతికి సంబంధించింది కాదని మొక్కజొన్న చరిత్ర చెబుతుంది. మొక్కజొన్న గింజలను సున్నపు నీటిలో ఉడికించి, పొట్టు తీసి, నూరడం మెసోఅమెరికా ప్రజల పద్ధతి. సున్నం వల్ల గింజలోని నియాసిన్ అనే విటమిన్ శరీరానికి అందుతుంది. ఐరోపా ఆ గింజను తీసుకుంది, సున్నపు నీటిని వదిలేసింది. మొక్కజొన్నే ప్రధానాహారమైన పేదల్లో 18వ శతాబ్దిలో పెల్లాగ్రా వ్యాధి ప్రబలింది. స్పెయిన్ వైద్యుడు గాస్పార్ కసాల్ 1735లో దాన్ని వర్ణించాడు. పద్ధతి లేకుండా పంటను మాత్రమే స్వీకరించినప్పుడు ఎంతటి నష్టం కలుగుతుందో ఇది నిదర్శనం. టమాటా, మిరపల విషయంలో అంతటి విషాదం లేదు. కాని పద్ధతిని జ్ఞానంగా గుర్తించకపోవడం మాత్రం రెండుచోట్లా ఒకటే.

2. వంట తీరు

నలుగురికి సరిపడా కాల్దీయోకు ముప్పావు కిలో మాగిన టమాటాలు, రెండు మూడు సెర్రానో పచ్చిమిరపకాయలు, పావు ఉల్లిపాయ, ఒకటి రెండు వెల్లుల్లి రెబ్బలు, ఉప్పు, చెంచాడు కొవ్వు చాలు. మొదట 'కొమాల్' అనే పెనాన్ని బాగా కాలనిస్తారు. దాని మీద నూనె వేయరు. టమాటాలను, మిరపకాయలను, పొట్టు తీయని వెల్లుల్లిని నేరుగా పెనం మీద పరచి, తిప్పుతూ కాలుస్తారు. టమాటా తోలు అక్కడక్కడ నల్లబడి చిట్లాలి, లోపలి గుజ్జు మెత్తబడాలి. వెల్లుల్లిని పొట్టుతో కాల్చడం వల్ల రెబ్బ మాడకుండా మగ్గుతుంది.

తరువాత నూరడం. 'మోల్కహెతె' అనేది గరుకైన అగ్నిశిలతో చెక్కిన మూడు కాళ్ల రాతిగిన్నె. చేతిలో ఇమిడే పొత్రంతో అందులో మొదట వెల్లుల్లి, ఉప్పు, మిరపకాయలు మెత్తగా నూరుతారు. ఉప్పుకల్లు ఇక్కడ రుచికే కాక రాపిడికీ పనికివస్తుంది. టమాటాలు చివర పడతాయి. ముందే వేస్తే వాటి నీటిలో మిరపకాయ జారిపోయి నలగదు. ఆపైన మట్టిపాత్రలో కొవ్వు కాచి, నూరిన ముద్దను ఒక్కసారిగా అందులో పోస్తారు. నారింజరంగులో ఉన్న గుజ్జు ముదురెరుపుకు తిరిగి, అంచుల వెంట కొవ్వు తేలేదాకా వేయించి, నీళ్లో మాంసపు రసమో కలిపి మరగనిస్తారు. 'ఎపసోతె' అనే ఘాటైన ఆకు రెమ్మను కొందరు చివర వేస్తారు.

ప్రతి దశకూ కారణం ఉంది. కాల్చడం వల్ల టమాటాలోని నీరు తగ్గి, తీపి చిక్కబడి, తోలు సులువుగా ఊడుతుంది. మిరప కారానికి మూలమైన కాప్సైసిన్ నీటిలో దాదాపు కరగదు, కొవ్వులో కరుగుతుంది. అందువల్ల కొవ్వులో వేయించిన తరువాత కారం ఒకచోట కొరికినట్లు కాక వంటకమంతటా సమంగా పరుచుకుంటుంది. కొన్ని ఇళ్లలో కాల్చడానికి బదులు టమాటాలను నీటిలో ఉడికిస్తారు. అప్పుడు పొగవాసన ఉండదు, పులుపు ముందుకు వస్తుంది. మొత్తం మీద ఈ వంటలో నాలుగు క్రియలున్నాయి: కాల్చడం, నూరడం, కొవ్వులో వేయించడం, మరిగించడం. ఈ నాలుగూ ఒకే కాలానివి కావు. వాటిలో ఏది ఎప్పటిదో పదాల వ్యుత్పత్తులు, తొలి రచనలు తెలియజేస్తాయి.

3. పదాల సాక్ష్యం

1521లో స్పానిష్ సేనలకు లొంగిన తెనోచ్‌తిత్లాన్ నగరపు భాష నావాత్ల్. ఆ భాషలో 'తొమాత్ల్' అన్నది గుండ్రంగా, రసంతో నిండిన కాయలకు సామాన్యనామం. దాని ముందు విశేషణాలు చేరి రకాలు ఏర్పడతాయి. 'షితొమాత్ల్' ఎర్ర టమాటా. 'మిల్తొమాత్ల్' పలుచని పొరలో దాగి ఉండే పుల్లని ఆకుపచ్చ కాయ. రెండవది టమాటా కాదు, ఫిసాలిస్ ప్రజాతికి చెందినది; తెలుగునాట చేలగట్ల మీద పెరిగే కుపంటి దానికి దగ్గరి బంధువు. స్పెయిన్ వారు ఈ భేదాన్ని పట్టించుకోక 'తొమాతె' అన్న మాటనే ఎర్ర టమాటాకు స్థిరపరచారు. మధ్య మెక్సికో మాత్రం నేటికీ ఎర్రకాయను 'హితోమాతె' అనీ, ఆకుపచ్చకాయను 'తొమాతె' అనీ పాత భేదాన్ని పాటిస్తోంది. వంటకం పేరులో 'హితోమాతె' ఉండడం ఈ దృష్టితో గమనించదగినది.

మిరపకు నావాత్ల్ పేరు 'చీల్లి'. నూరిన వ్యంజనానికి పేరు 'మోల్లి'. నేటి మెక్సికో ప్రసిద్ధ వంటకం 'మోలె' దానినుంచి వచ్చింది. రెండూ కలిస్తే 'చిల్‌మోల్లి', అంటే మిరపవ్యంజనం. 'కాషిత్ల్' అంటే గిన్నె. మోల్లిని నూరే గిన్నె 'మోల్‌కాషిత్ల్', అదే స్పానిష్ నోట 'మోల్కహెతె' అయింది. 'కొమాల్లి' కొమాల్ అయింది. 'తెషోలొత్ల్' అనే రాతి పొత్రం 'తెహొలోతె' అయింది. మొక్కజొన్న నూరే రాతిపలక 'మెత్లాత్ల్' 'మెతాతె' అయింది. పొగబెట్టి ఎండించిన మిరపకాయ 'చిపోత్లె' పేరులో మిరపను తెలిపే 'చీల్లి', పొగను తెలిపే 'పోక్త్లి' కలిసి ఉన్నాయి.

వీటికి ఎదురుగా కాల్దీయో, కొవ్వును తెలిపే 'మంతేకా', ఉల్లిని తెలిపే 'సెబోయా', వెల్లుల్లిని తెలిపే 'ఆహో', వేయించడాన్ని తెలిపే 'ఫ్రెయీర్' స్పానిష్ మాటలు. కాల్చే పనిముట్టు, నూరే పనిముట్టు, ప్రధాన ద్రవ్యాలు నావాత్ల్ పేర్లతోను. వేయించే క్రియ, అందుకు కావలసిన కొవ్వు, మసాలా దినుసులు స్పానిష్ పేర్లతోను ఉన్నాయి. పదాల పంపిణీ ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు దాన్ని యాదృచ్ఛికమనలేం. వంటింటి పదజాలమే ఆ వంటకపు కాలక్రమాన్ని నమోదు చేసిందని చెప్పవచ్చు.

4. 16వ శతాబ్ది రచనలు

ఫ్రాన్సిస్కన్ సన్యాసి బెర్నార్దీనో దె సహగూన్ 1529లో మెక్సికోకు వచ్చాడు. తెపెపుల్కో, త్లతెలోల్కోల పెద్దలను విచారించి, లాటిన్, స్పానిష్ నేర్చిన నావా విద్యార్థుల సాయంతో 12 భాగాల విజ్ఞానసర్వస్వాన్ని సంకలనం చేశాడు. 1577 నాటికి సిద్ధమైన ఆ ప్రతి ఇప్పుడు ఫ్లోరెన్స్‌లోని లారెన్షియన్ గ్రంథాలయంలో ఉంది. పక్కపక్కనే రెండు వరుసల్లో నావాత్ల్, స్పానిష్ పాఠాలు అందులో కనిపిస్తాయి. ఎనిమిదవ భాగం ప్రభువుల భోజనాన్ని వర్ణిస్తూ పసుపుపచ్చ మిరపతోను టమాటాతోను వండిన తెల్లచేపను, ఎర్రమిరప, టమాటా, నూరిన గుమ్మడిగింజలు కలిపిన వంటకాలను పేర్కొంటుంది. పదవ భాగం అంగడిలో టమాటాలమ్మేవారిని, మిరపవ్యంజనాలమ్మేవారిని వేరువేరు వృత్తులుగా వర్ణిస్తుంది. టమాటాల రకాలను పరిమాణం, ఆకారం, రంగులను బట్టి వరుసగా చెప్పి, మంచి అమ్మకందారు ఎవరో, చెడిన కాయలు అంటగట్టేవారు ఎవరో వివరిస్తుంది. ఒక సమాజం ఒక కాయను ఇన్ని రకాలుగా విభజించిందంటే దాని వెనుక సుదీర్ఘమైన సాగు, ఎంపిక, వాడకం ఉన్నాయని అర్థం. అయితే 'తొమాత్ల్' సామాన్యనామం కావడం వల్ల ఈ రచనలో ఆ మాట కనిపించిన చోటల్లా ఎర్ర టమాటా అని చదవడం సరికాదు. కొన్నిచోట్ల అది పుల్లని ఆకుపచ్చకాయ కావచ్చు.

రెండవ ఫిలిప్ రాజు వైద్యుడైన ఫ్రాన్సిస్కో ఎర్నాందెస్ 1570లలో మెక్సికోలో ఓషధులను పరిశీలిస్తూ టమాటా రకాలను వివరించాడు. వాటిని మిరపతో కలిపి నూరి వ్యంజనం చేస్తారని తెలిపాడు. జెసూట్ పండితుడు హొసే దె అకోస్తా 1590లో ప్రచురించిన గ్రంథంలో ఒక కీలకమైన విషయం ఉంది. మిరప తీక్షణతను తగ్గించడానికి ఉప్పును, టమాటాలను వాడతారనీ, టమాటాలు చలవచేసేవి, రసభరితమైనవి అనీ ఆయన పేర్కొన్నాడు. అంటే టమాటా, మిరపల కలయిక రెండు రుచుల సమతౌల్యాన్ని ఎరిగి చేసినదేనని ఒక ఐరోపా సాక్షి గుర్తించాడు.

అన్ని సాక్ష్యాలూ ఒకే విలువ గలవి కావు. 1519లో చొలూలా నగరవాసులు తమను చంపి వండుకోవడానికి ఉప్పు, మిరప, టమాటాలతో కుండలు సిద్ధం చేశారని సైనికుడు బెర్నాల్ దీయాస్ దెల్ కస్తీయో దశాబ్దాల తరువాత రాశాడు. ఆ నగరంలో స్పానిష్ సేన సాగించిన ఊచకోతకు సమర్థనగా వచ్చిన మాట ఇది. కనుక నరమాంసభక్షణకు సాక్ష్యంగా దీన్ని స్వీకరించడం కష్టం. కాని ఒక విషయానికి మాత్రం ఇది అనుకోని సాక్ష్యం: ఉప్పు, మిరప, టమాటా అనే త్రయమే అక్కడి వంటకు గుర్తు అన్నది ఒక పరదేశి సైనికుడి మనసులో కూడా నాటుకుపోయింది.

మిరప స్థానం రుచికే పరిమితం కాదు. ఆజ్టెక్‌ల వ్రతాల్లో ఉప్పు, మిరప మానడం ప్రధాన నియమం. సుమారు 1541లో తయారైన మెందోసా చిత్రగ్రంథంలో మాట వినని 11 ఏళ్ల పిల్లవాణ్ణి తండ్రి మిరపపొగకు పట్టే దృశ్యం ఉంది. సామంతప్రాంతాలు కట్టే కప్పంలో మిరపమూటలున్నాయి. అదే గ్రంథంలో 13 ఏళ్ల బాలిక మెతాతె ముందు మోకరిల్లి మొక్కజొన్న నూరుతూ కనిపిస్తుంది. నూరడమనే విద్య ఏ వయసులో, ఎవరి చేతికి అందేదో ఈ చిత్రం చెబుతుంది. అయితే సహగూన్‌కు వివరాలందించిన పెద్దలు ప్రధానంగా పురుషులు, రాసినవారూ పురుషులే. అందువల్ల ఆ రచనల్లో ద్రవ్యాల పేర్లు, వంటకాల పేర్లు దొరికినంతగా చేతిపని వివరాలు దొరకవు. ఎంత కాల్చాలి, ఏది ముందు నూరాలి అన్నవి గ్రంథానికి ఎక్కలేదు. తల్లి నుంచి కూతురికి చేతిద్వారా సాగాయి.

5. 1521 తరువాతి పొర

స్పెయిన్ వారితో పందులు, పశువులు, ఉల్లి, వెల్లుల్లి, కొత్తిమీర, జీలకర్ర వచ్చాయి. అంతకుముందు మెసోఅమెరికా వంటలో కొవ్వులో వేయించే పద్ధతికి దాదాపు స్థానం లేదు. కాల్చడం, ఉడికించడం, ఆవిరిపట్టడం ప్రధానం. పందికొవ్వు ప్రవేశంతో నూరిన వ్యంజనాన్ని వేయించడం మొదలైంది. ఈ మార్పును పాత వంట నశించి కొత్త వంట రావడంగా కాక, పాత క్రియల మధ్య కొత్త క్రియ చొరబడడంగా అర్థం చేసుకోవాలి. కాల్చడం, నూరడం తమ స్థానాల్లోనే ఉన్నాయి. వాటికీ మరిగించడానికీ నడుమ వేయించడం చేరింది. ఈ చేర్పు మిరప కారాన్ని వంటకమంతటా పరచి, పాత కలయికనే మరింత బలపరచింది.

కొన్వెంటు వంటశాలలు ఈ మేళనకు ముఖ్యవేదికలు. అటువంటి కొన్వెంటులో జీవించిన కవయిత్రి సోర్ హువానా ఇనేస్ దె లా క్రూస్ 1691 నాటి లేఖలో గుడ్డు నెయ్యిలో ఒకలా, పాకంలో మరొకలా ప్రవర్తించే తీరును ఉదాహరిస్తూ, వంటపని కూడా ప్రకృతిరహస్యాలను తెలిపే మార్గమని వాదించింది. స్త్రీలకు విద్య ఎందుకన్నవారికి ఇచ్చిన సమాధానంలో భాగమిది. వంటను జ్ఞానంగా గుర్తించాలన్న వాదానికి మెక్సికోలో ఉన్న ప్రాచీనమైన లిఖితసాక్ష్యాల్లో దీన్ని ఒకటిగా పరిగణించవచ్చు.

స్వాతంత్ర్యానంతరం 1831లో మెక్సికో నగరంలో 'ఎల్ కొసినేరో మెహికానో' అనే వంటగ్రంథం మూడు సంపుటాలుగా అచ్చయింది. జాతీయవంట అన్న భావనకు అది తొలి ముద్రితరూపం. అయినా ఉన్నతవర్గాల చూపు ఐరోపా మీదే ఉండేది. 1899లో ఫ్రాన్సిస్కో బూల్నెస్ అనే మేధావి మానవజాతిని గోధుమ, వరి, మొక్కజొన్న తినేవారిగా విభజించి, మొక్కజొన్న తినడమే అక్కడి ఆదివాసుల వెనుకబాటుకు కారణమని వాదించాడు. దోపిడీని, భూమిలేమిని వదిలి ఆహారాన్ని నిందించిన ఈ వాదం మొక్కజొన్న రొట్టెతో పాటు దాని పక్కన నూరే మిరప, టమాటాల వంటనూ పేదల తిండిగా దిగజార్చింది. 20వ శతాబ్దిలో పరిస్థితి క్రమంగా మారింది. హొసెఫీనా వెలాస్కెస్ దె లియోన్ 1940లలో ప్రాంతీయ వంటకాలను సేకరించి గ్రంథస్థం చేసింది. యునెస్కో 2010లో మెక్సికో సంప్రదాయ వంటను మానవజాతి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. 20వ శతాబ్దిలోనే మరపిండియంత్రాలు స్త్రీలను రోజూ గంటల తరబడి మెతాతె ముందు మోకరిల్లే శ్రమనుంచి విముక్తం చేశాయి. విద్యుత్ మిక్సీ మోల్కహెతె పనిని చాలావరకు తీసుకుంది. ఈ మార్పును సంప్రదాయక్షయమని విలపించడం శ్రమను మరచి రుచిని మాత్రమే చూడడమవుతుంది.

6. మూడు ప్రయాణాలు

మెక్సికోలో ఏకమై ఉన్న పంట, పద్ధతి, పేరు బయటి దేశాల్లో విడివడిన తీరుకు మూడు ఉదాహరణలను పరిశీలించవచ్చు.

6.1 నేపుల్స్: పద్ధతి చేరింది, పేరు మారింది

స్పెయిన్ పాలనలో ఉన్న నేపుల్స్‌లో అంతోనియో లతీని 1692–94 మధ్య రెండు సంపుటాల వంటగ్రంథం ప్రచురించాడు. ఇటలీలో అచ్చయిన టమాటా వ్యంజనాల వివరాల్లో అతి ప్రాచీనమైనది అందులో ఉంది. టమాటాలను నిప్పుల మీద కాల్చి, తోలు ఒలిచి, సన్నగా తరిగి, ఉల్లి, మిరప, సుగంధపు ఆకు, ఉప్పు, నూనె, వెనిగర్ కలపాలని ఆయన చెప్పాడు. దానికి పెట్టిన పేరు 'స్పానిష్ తరహా' టమాటా వ్యంజనం. నూనె, వెనిగర్ మధ్యధరా ప్రాంతానివి. కాని నిప్పుల మీద కాల్చడం, తోలు తీయడం, మిరపతో జతకట్టడం అనే మూడూ మెక్సికో పద్ధతికి సన్నిహితం. పోలిక ఒక్కటే వారసత్వానికి రుజువు కాకపోయినా, స్పెయిన్ సామ్రాజ్యపు మార్గంలోనే ఈ కలయిక నేపుల్స్ చేరిందని ఆ పేరే సూచిస్తోంది. మోసుకొచ్చినవారి పేరు నిలిచింది; కనుగొన్నవారి పేరు పోయింది.

6.2 ఆంధ్రదేశం: పంటలు వచ్చాయి, పద్ధతి ఇక్కడిదే

దక్షిణభారతంలోకి మిరప 16వ శతాబ్దిలో పోర్చుగీసు వర్తకంతో ప్రవేశించింది. పల్నాటి జొన్నకూటి మీద చాటువులు చెప్పాడని ప్రసిద్ధికెక్కిన శ్రీనాథుడు మిరపను ఎరుగడు. నేడు ఆ పల్నాడే మిరపసాగుకు పేరుమోసింది. మిరప ఇక్కడ మిరియం స్థానంలో కూర్చుంది. పేరు కూడా మిరియం మీదనే ఏర్పడింది; కన్నడంలో మెణసు–మెణసినకాయి, తమిళంలో మిళగు–మిళగాయ్ కూడా ఇదే మార్గంలో పుట్టాయి. టమాటా చాలా ఆలస్యంగా వచ్చింది. 1889 నుంచి వెలువడిన జార్జ్ వాట్ నిఘంటువు భారతదేశంలో టమాటాను ప్రధానంగా ఐరోపావారి కోసం పండిస్తున్నట్లు పేర్కొంది. తెనోచ్‌తిత్లాన్ అంగడిలో పక్కపక్కన అమ్ముడైన రెండు కాయలు తెలుగువారి రోట్లో మళ్లీ కలుసుకోవడానికి మూడు శతాబ్దాలకు పైగా పట్టింది.

కోస్తా, ఉత్తరాంధ్ర ప్రాంతాల పెద్దల వాడుకలోని 'రామములగ', 'రాములక్కాయ' అన్న పేర్లు కొత్తకాయను నేలములక వంటి పరిచితమైన మొక్కల వరుసలో చేర్చిన ప్రయత్నాన్ని తెలుపుతాయి. చిత్తూరు ప్రాంతంలోని 'తక్కాళి' తమిళంతో ఉమ్మడి. చివరకు స్పానిష్, ఇంగ్లీషుల మీదుగా వచ్చిన నావాత్ల్ 'తొమాత్ల్' తెలుగులో 'టమాటా'గా స్థిరపడింది.

టమాటాను, మిరపకాయలను మగ్గించి రోట్లో నూరే పచ్చడికీ, తెలంగాణ తొక్కుకూ మెక్సికో వంటకంతో ఉన్న పోలిక చూడగానే తెలుస్తుంది. దీన్ని బట్టి పద్ధతి కూడా మెక్సికో నుంచి వచ్చిందనడం పొరపాటు. వంకాయను నిప్పుల్లో కాల్చి, తోలు ఒలిచి, ఉప్పు పులుపులతో మెదపడం వంటి పద్ధతికి టమాటా అవసరం లేదు. రోలు, పొత్రం ఇక్కడివే. కొత్త పంటలు వచ్చి పాత రోట్లో పడ్డాయి. రెండు సమాజాలు రాతిమీద నూరడమనే విద్యను విడివిడిగా సాధించడం వల్ల ఫలితాలు దగ్గరయ్యాయి. ఇక్కడ కొవ్వులో వేగేది నూరిన ముద్ద కాదు, ఆవాలు మినప్పప్పుల తాలింపు. ఆ ఒక్క భేదమే రెండు సంప్రదాయాల స్వతంత్రతను చాటుతుంది.

6.3 టెక్సాస్: పేరు నిలిచింది, పద్ధతి పోయింది

1836 వరకు మెక్సికోలో భాగమైన టెక్సాస్‌లో 1940లలో ఎల్సా అనే పట్టణంలో కార్ల్ రోటెల్ టమాటా ముక్కలను పచ్చిమిరపతో కలిపి డబ్బాల్లో నింపే కర్మాగారం నెలకొల్పాడు. తరువాతి కాలంలో అమెరికా అంగళ్లలో 'మెక్సికన్ తరహా' అన్న ముద్రతో ఉడికించిన టమాటా డబ్బాలు సాధారణమయ్యాయి. కర్మాగారాల్లో టమాటా తోలును ఆవిరితోనో క్షారద్రావణంతోనో తొలగిస్తారు. ముక్క మెత్తబడకుండా కాల్షియం క్లోరైడ్ కలుపుతారు. పెనం లేదు, నలుపు లేదు, నూరడం లేదు. ఇంట్లో వంటచేసుకొనే వారికి ఆ డబ్బా సౌకర్యమే. అయితే నేపుల్స్‌లో జరిగినదానికి ఇది సరిగ్గా విపర్యయం: అక్కడ పద్ధతి ఉండి పేరు పోగా, ఇక్కడ పేరుండి పద్ధతి పోయింది.

7. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలివి. టమాటా, మిరపల కలయిక మెక్సికోలో స్పెయిన్ రాకకు పూర్వమే స్థిరపడిన పాకజ్ఞానం. 16వ శతాబ్ది రచనలు దాన్ని ధ్రువీకరిస్తున్నాయి. నేటి కాల్దీయోలో కాల్చడం, నూరడం, మరిగించడం పాతపొర. కొవ్వులో వేయించడం 1521 తరువాతి పొర. మిక్సీ, డబ్బా 20వ శతాబ్ది పొర. వంటింటి పదజాలం ఈ క్రమాన్ని గ్రంథాలకంటే స్పష్టంగా భద్రపరచింది. పంట, పద్ధతి, పేరులను వేరువేరుగా పరిశీలిస్తేనే ఒక వంటకం ఎవరిదన్న ప్రశ్నకు న్యాయమైన సమాధానం దొరుకుతుంది. పంటల జాబితాతో ఆగిపోయిన చరిత్ర, ఆ పంటను తిండిగా మలచినవారిని చరిత్రలోంచి తప్పిస్తుంది.

తెలుగు పరిశోధనకు కూడా ఇందులో ఒక సూచన ఉంది. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం తొలిసంపుటం వ్యవసాయ పదజాలాన్ని ఊరూరా తిరిగి సేకరించింది. కమర్చడం, మగ్గించడం, దంచడం, నూరడం, మెదపడం, ఎనపడం వంటి వంటక్రియలను కూడా ప్రాంతాలవారీగా, పనిముట్ల పేర్లతో, చేసే వరుసతో సహా అదే శ్రద్ధతో నమోదు చేయవలసి ఉంది. రోళ్లు పెరట్లోకి చేరిన ఈ కాలంలో ఆ క్రియలు తెలిసిన తరం నోట ఇంకా వినిపిస్తున్నప్పుడే ఆ పని జరగాలి.